వేదిక డబ్బు కుర్చీకి: భీమవరంలో ఒక ఆక్వా సదస్సు, ప్రాజెక్టు డైరీ

రొయ్యల చెరువుల టెక్నీషియన్లు, ల్యాబులు నడిపేవాళ్లు, సొంతంగా సాగు చేసే రైతులు కలిసేందుకు మా సంఘం పెట్టిన ఒకరోజు సదస్సు ఇది. 2025 డిసెంబరు ఆఖరి వారంలో జరిగింది. ఇలాంటిది పెట్టబోయేవాళ్లకు పనికొచ్చే కొలతలు, అద్దెలు, చెడిపోయినవి, వాటిని ఎందుకు మార్చామన్నవి మాత్రం రాస్తున్నాను.

మొదలుపెట్టేటప్పటికి పరిస్థితి ఇది. 2025 ఆగస్టులో మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరాక మేత, మందుల కంపెనీలు స్పాన్సర్ మాట ఎత్తితేనే ఫోన్ పెట్టేస్తున్నాయి. అంతకుముందు ఏడాది లెక్క తీస్తే వేదిక, వెనక ఎల్‌ఈడీ గోడ, పూలు, ఫ్లెక్సీలు కలిపి ₹1,38,000. ఆఖరి వరుసల వాళ్లు మాత్రం 'ఏం చెప్పారో వినపడలేదండీ' అన్నారు. ఈవెంటు కంపెనీల కొత్త జాబితా చూస్తే ఎల్‌ఈడీ సొరంగం, గుండ్రంగా తిరిగే వీడియో బూతు, పొగలో ప్రవేశం ఉన్నాయి. అవన్నీ పెళ్లి పని. సదస్సులు నడిపే రంగంలో నిజంగా మారుతున్నవి వేరే ఉన్నాయి: చిన్న ప్రసంగాలు, బల్లల దగ్గర చర్చ, అక్కడికక్కడే తెర మీద అక్షరాలుగా మాట, ఇంట్లోంచి వినేవాళ్లకు ప్రసారం, తూచి చూసే చెత్త. వీటిలో ఏది తీసుకోవాలన్నా ఒకే ప్రశ్న వేసుకున్నాం: ఆఖరి వరుసలో కూర్చున్న మనిషికి దీనివల్ల వినపడుతుందా, కనపడుతుందా, ఊపిరాడుతుందా, మాట్లాడే వీలు వస్తుందా?

వాడిన పరికరాలు

లేజరు టేపు, మామూలు 30 మీటర్ల టేపు, ఫోనులో ధ్వని కొలిచే యాప్, బెలూన్లు, కార్బన్ డయాక్సైడ్ మీటరు, 30 కిలోల డిజిటల్ త్రాసు, స్టాప్‌వాచ్, ఒక నోటుపుస్తకం.

దశ 1: హాలు

డిసెంబరు ఆఖరు ఎంచుకోవడానికి కారణం ధనుర్మాసం. ముహూర్తాలు ఉండవు, కల్యాణ మండపాలు ఖాళీగా ఉంటాయి, యజమాని బేరానికి దిగుతాడు. పైగా చలికి రొయ్య మేత తగ్గిస్తుంది కాబట్టి రైతుకు కాస్త తీరిక. జనవరి మొదటి వారం దాటితే సంక్రాంతి జనంతో భీమవరంలో గది దొరకడమే కష్టం. ఆ తేదీల జోలికి పోవద్దు.

కొలతలు: 30 మీటర్లు × 18 మీటర్లు, ఎత్తు 6. ఘనపరిమాణం 3,240 ఘనపు మీటర్లు. నేల గ్రానైటు, ఒక పక్క గోడంతా గాజు, పైన జిప్సం సీలింగు. స్ప్లిట్ ఏసీలున్నాయి, బయటి గాలిని లోపలికి తెచ్చే ఏర్పాటు ఏదీ లేదు. ఆ సంగతి దశ 8లో వస్తుంది.

హాలు అద్దె ₹45,000.
ఇప్పటిదాకా: ₹45,000

దశ 2: ధ్వని

ఎక్కువ కాలం పట్టిందీ, ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే.

ఖాళీ హాల్లో బెలూన్ పగలగొట్టి ఆ చప్పుడు 60 డెసిబెల్స్ తగ్గడానికి ఎంతసేపు పడుతుందో యాప్‌తో కొలిస్తే 3.4 సెకన్లు వచ్చింది. మాట స్పష్టంగా వినపడాలంటే ఈ పరిమాణం హాలుకి 1.2 నుంచి 1.4 మధ్య ఉండాలి. 3.4 అంటే వక్త నాలుగో మాట అంటుంటే మొదటి మాట ఇంకా హాల్లో తిరుగుతోందన్నమాట. దీనికి మైకుసెట్ వాళ్ల మందు ఒక్కటే: వాల్యూమ్ పెంచడం. పెంచితే ప్రతిధ్వనీ పెరుగుతుంది.

లెక్కకు శాబిన్ సూత్రం చాలు. 0.161ని ఘనపరిమాణంతో గుణించి, కొలిచిన సెకన్లతో భాగిస్తే ఆ హాలు ధ్వనిని ఎంత పీల్చుకుంటోందో చదరపు మీటర్లలో వస్తుంది.

1. ఇప్పుడున్నది: 0.161 × 3,240 ÷ 3.4 = 153.
2. కావలసినది, 1.4 సెకన్లకు: 373.
3. లోటు: 220.
4. కూర్చున్న మనుషులు తలా 0.45 చొప్పున 210 మంది: 95.
5. గుడ్డతో పూడ్చవలసింది: 125.

మొదటి ప్రయత్నం చెడింది. డెకరేషన్ వాళ్ల పలచని శాటిన్ గుడ్డ 160 చదరపు మీటర్లు గోడలకు అంటించినట్టు బిగించి కట్టాం. చూడ్డానికి బాగుంది. కొలిస్తే 3.1. అంటే పీల్చుకునేది 15, 16 మాత్రమే పెరిగింది. పలచని గుడ్డ, ముడతల్లేకుండా, గోడకి ఆనుకుని ఉంటే దాదాపు లేనట్టే.

రెండోసారి మార్చినవి:

1. శాటిన్ తీసేసి టెంట్ హౌస్ దగ్గరున్న మందపాటి వెల్వెట్ పరదాలు. 15 అడుగులు × 10 అడుగుల ముక్కలు, మొత్తం 18. కలిపి 250 చదరపు మీటర్లు.
2. సాగదీయకుండా కుచ్చులుగా. ఒక మీటరు గోడకి దాదాపు రెండు మీటర్ల గుడ్డ పడుతుంది. కాబట్టి 250 చదరపు మీటర్లు ముందనుకున్నంత గోడను కప్పవు. గాజు గోడకీ, వేదికకి ఎదురుగా ఉన్న వెనక గోడలో కొంత భాగానికీ మాత్రమే సరిపోయాయి.
3. గోడకి 15 సెంటీమీటర్లు ఎడంగా, ఇనప పైపుల మీద.
4. వెనక గోడ మిగిలిన భాగానికి జంపఖానాలు. 24 జంపఖానాలు దండెం మీద వేసినట్టు రెండు మడతలుగా వేలాడదీశాం. టెంట్ హౌస్ ఆయన 'గోడలు కూర్చుంటాయేంటండీ, ఆయ్' అని నవ్వాడు గానీ, చప్పట్లు కొట్టి చూసి ఆయనే ఇంకో నాలుగు తెప్పించాడు. వాటికి డబ్బు తీసుకోలేదు.

ఈ మార్పుల తర్వాత ఖాళీ హాల్లో 1.9. జనం కూర్చున్నాక బెలూన్లు పగలగొట్టలేం కదా, అందుకని సభ రికార్డింగులో చప్పట్లు ఆగిన చోటు చూశాం: సుమారు 1.5. అనుకున్న దానికి దగ్గరే.

జాగ్రత్త: గుడ్డ ఎక్కువైతే నిప్పు భయమూ ఎక్కువే. బయటికి పోయే తలుపులకు గానీ, వాటి పైనున్న దీపాలకు గానీ ఒక్క పరదా అడ్డం రాకూడదు. వేడెక్కే లైట్లకు కనీసం మీటరు దూరం. వైర్లు గుడ్డ వెనక నుంచి పోనివ్వద్దు. ప్రతి పక్కా ఒక అగ్నిమాపక సిలిండరు, దాన్ని వాడడం తెలిసిన ఒక మనిషి.

స్పీకర్లు: వేదికకి అటూ ఇటూ రెండు పెద్ద బాక్సులు పెట్టి పరీక్షిస్తే ముందు వరుసలో 94 డెసిబెల్స్, ఆఖరి వరుసలో 71. ముందువాళ్లు చెవులు మూసుకుంటారు, వెనకవాళ్లు చెవులు రిక్కిస్తారు. పెద్దవి వెనక్కి పంపించి ఆరు చిన్నవి తెచ్చాం. వేదిక దగ్గర రెండు, పది మీటర్ల దగ్గర రెండు, ఇరవై మీటర్ల దగ్గర రెండు. ధ్వని మీటరు దూరం పోవడానికి సుమారు 2.9 మిల్లీసెకన్లు పడుతుంది. అందుకని రెండో జతకి 29, మూడో జతకి 58 మిల్లీసెకన్ల ఆలస్యం మిక్సర్లో పెట్టాలి. ఇది పెట్టకపోతే వెనకవాళ్లకి ప్రతి మాటా రెండేసి సార్లు వినపడుతుంది. మైకుసెట్ అబ్బాయికి ఆ మీట ఎక్కడుందో తెలుసు గానీ పెళ్లిళ్లలో ఎవరూ అడగలేదట. తర్వాత కొలిస్తే ముందు 78, వెనక 73.

ఖర్చు: పరదాలు 18 × ₹350 = ₹6,300. జంపఖానాలు 24 × ₹60 = ₹1,440. కట్టడం, విప్పడం కూలి ₹4,500. స్పీకర్లు, మిక్సరు, కాలరు మైకులు ₹22,000. మొత్తం ₹34,240.
ఇప్పటిదాకా: ₹79,240

దశ 3: తెర, అక్షరాలు, బోర్డులు

ఎల్‌ఈడీ గోడ తీసేశాం. దాని బదులు వేదిక మీద ఒక ప్రొజెక్టరు, హాలు మధ్యలో పక్క గోడకి ఇంకొకటి. రెండోదే ముఖ్యం. వెనక సగం మంది దాన్నే చూస్తారు.

అక్షరం ఎంతుండాలన్నది ఇంగ్లిషు పుస్తకాల కొలతలతో తేలదు. కాగితాల మీద అచ్చు వేయించి ఆఖరి వరుస నుంచి, 26 మీటర్ల దూరంలో, నలభై దాటినవాళ్ల చేత చదివించాం. ఇంగ్లిషు పెద్దక్షరం 9 సెంటీమీటర్లకే చదివారు. తెలుగులో అదే ఎత్తులో 'క్ష్మ', 'ర్త్య', 'స్త్రీ' లాంటివి వచ్చేసరికి ఆగిపోయారు. వత్తు చిన్నగా కిందికి పోతుంది, గుడి దీర్ఘం పైన దగ్గరగా అతుక్కుంటుంది. వరసల మధ్య ఖాళీ పెంచి, 14 సెంటీమీటర్లు చేశాక తడుముకోకుండా చదివారు. రెండో ప్రొజెక్టరు వల్ల చూసే దూరం 13 మీటర్లకు తగ్గింది కాబట్టి 7 సెంటీమీటర్లతో సరిపెట్టాం. వక్తలకు పంపిన నియమం: ఒక స్లయిడుకి ఆరు వరసలు, వరసకి ఐదారు మాటలు. అంతకు మించితే మేమే రెండు స్లయిడులు చేస్తాం.

బోర్డులు: 2022 జులై 1 నుంచి దేశమంతా 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లు, అలంకరణ థర్మకోల్, ఆహ్వానపత్రికలకు చుట్టే ప్లాస్టిక్ పొర, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు నిషేధం. దుకాణాల్లో అవి దొరుకుతూనే ఉన్నాయి, అది వేరే కథ. మేం కాడా గుడ్డ మీద ఆర్టిస్టు చేత రాయించాం. తేదీ, ఏడాది ఎక్కడా లేకుండా 'నమోదు', 'భోజనాలు', 'మంచినీళ్లు', 'సూక్ష్మదర్శినులు' అని రాయిస్తే మళ్లీ మళ్లీ పనికొస్తాయి. ఏడాది ఉన్నది వేదిక వెనక ఒక్కటే.

ప్రొజెక్టర్లు ₹9,000, గుడ్డ బోర్డులు ₹7,800. మొత్తం ₹16,800.
ఇప్పటిదాకా: ₹96,040

దశ 4: నమోదు, గుమ్మం దగ్గర వరుస

గుమ్మం దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి అక్కడే పేరు కార్డు అచ్చేసి ఇవ్వడం ఇప్పుడు అంతటా నడుస్తున్న పద్ధతి. మా చిన్న సమావేశం ఒకదానిలో పరీక్షిస్తే మనిషికి సగటున 40 సెకన్లు పట్టింది. కారణాలు వరసగా: ఫోను తెర పగిలింది, వెలుతురు తక్కువ పెట్టుకున్నారు, మెసేజీ వెతుక్కుంటున్నారు, లోపల సిగ్నల్ లేదు, చిన్న ప్రింటర్లో కాగితం ఇరుక్కుంది. అరగంటలో 150 మంది వస్తే, రెండు బల్లల మీద 40 సెకన్ల చొప్పున 50 నిమిషాల పని. సభ ఆలస్యం అక్కడే ఖాయమైపోతుంది.

మార్చినది: కార్డులు ముందే అచ్చు వేయించాం. ముందు పేర్ల అక్షరక్రమంలో పేర్చి చూశాం. అదీ నడవలేదు. ఇంటిపేరు ముందు రాసినవాళ్లు, వెనక రాసినవాళ్లు, ఇంగ్లిషులో పొడి అక్షరాలు రాసినవాళ్లు కలిసిపోయి కార్డు దొరకదు. చివరికి ఊళ్ల వారీగా పేర్చాం. ఉండి, ఆకివీడు, కాళ్ళ, గణపవరం, వీరవాసరం, మొగల్తూరు, కైకలూరు, కలిదిండి, ఇంకా ఇలాంటివి. 'ఏ ఊరండీ?' అంటే ఒక్క మాటలో జవాబు వస్తుంది, ఆ ఊరి ట్రేలో పది పదిహేను కార్డులకి మించి ఉండవు. సదస్సు రోజు మనిషికి 9 సెకన్లు. క్యూఆర్‌ని కార్డు వెనక వేశాం, అది ప్రసంగాల ఫైళ్లకు తీసుకెళ్తుంది.

నమోదు పత్రంలో ముందు 'ఎన్ని ఎకరాలు' అనే గడి ఉంది. తీసేశాం. మనకి దాంతో పని లేదు, రైతుకి అది చెప్పడం ఇష్టం ఉండదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఏ వివరం ఎందుకడుగుతున్నామో రాయాలనే చెబుతుంది. మా పత్రం మీద రెండు వరసలు: ఫోను నంబరు ఈ సదస్సు సమాచారానికే, నెల తర్వాత తీసేస్తాం. ఫొటోలకు వేరే టిక్కు. 'జాబితా మాకివ్వండి' అని స్పాన్సర్ ఒకరు అడిగితే ఆ కాగితమే చూపించాం.

కార్డులు 240 × ₹12 = ₹2,880. నలుగురు విద్యార్థులకు ₹3,000. మొత్తం ₹5,880.
ఇప్పటిదాకా: ₹1,01,920

దశ 5: ప్రారంభ సభ

ఖర్చు సున్నా, తలనొప్పి అన్నిటికంటే ఎక్కువ.

అంతకుముందు ఏడాది వీడియో ముందేసుకుని స్టాప్‌వాచ్‌తో కొలిచాం. వేదిక మీదికి ఒక్కొక్కరినీ పిలవడం 14 నిమిషాలు, దీపం 6, శాలువాలు, జ్ఞాపికలు 19, అతిథుల ముందుమాటలు 32. కలిపి 71 నిమిషాలు. మొదటి పనికొచ్చే మాట 72వ నిమిషంలో.

మార్చినవి:

1. వేదిక మీద కుర్చీలు తీసేశాం. కుర్చీ లేకపోతే పిలుపు లేదు.
2. దీపం ఉంచాం. ముగ్గురు వెలిగిస్తారు, అంతే.
3. శాలువాలు మధ్యాహ్నం బంతి దగ్గర, పక్కన కూర్చున్నవాళ్ల చేతులమీదుగా. ఇది ముందే ఫోన్ చేసి చెప్పాలి. చెప్పకపోతే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు, వాళ్ల వెనక వచ్చినవాళ్లు ఇంకా నొచ్చుకుంటారు. ఒక పెద్దాయన 'అయితే నేనెందుకు రావడం బాబూ' అన్నారు. ఏరేటర్ల (చెరువు నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాల) కరెంటు బిల్లుల మీద బల్ల దగ్గర చర్చ నడపమని అడిగాం. వచ్చారు, సాయంత్రం దాకా కదల్లేదు.

ఫలితం 12 నిమిషాలు.
ఇప్పటిదాకా: ₹1,01,920

దశ 6: బల్లలు

ప్రసంగం 15 నిమిషాలు, తర్వాత బల్లల దగ్గర 25 నిమిషాలు. ఇలా నాలుగు విడతలు. ఐదడుగుల గుండ్రటి బల్లలు 26, బల్లకి ఎనిమిది మంది. మధ్య నుంచి మధ్యకు 3 మీటర్లు.

ఎవరిని ఎవరితో కూర్చోబెట్టాలో తేల్చే కృత్రిమ మేధ యాప్‌లు అమ్ముతున్నారు. మాకు ఒక్క ప్రశ్న సరిపోయింది: 'ఈ ఏడాది మీ చెరువుని ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఏది?' ఈహెచ్‌పీ (రొయ్య ఎదుగుదలని తగ్గించే పరాన్నజీవి), వైట్ ఫీకల్ (తెల్ల రెట్టల జబ్బు), కరెంటు పోయి డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోవడం, మేత ఖర్చు, సీడు (రొయ్య పిల్లల) నాణ్యత. ముందుగా చిన్న సమావేశంలో ఒకే ఇబ్బంది ఉన్నవాళ్లను ఒకే బల్లకి వేశాం. ఈహెచ్‌పీ బల్ల పరామర్శ సభలా తయారైంది, ఎవరి నష్టం వాళ్లు చెప్పుకున్నారు, కొత్త మాట ఒక్కటీ రాలేదు. సదస్సులో అమరిక మార్చాం: బల్లకి అదే ఇబ్బంది ఉన్న నలుగురు, దాన్ని దాటొచ్చానని రాసిన ఇద్దరు, ల్యాబు మనిషి ఒకరు, హేచరీ (రొయ్య పిల్లల్ని పుట్టించే కేంద్రం) లేదా మేత రంగం వాళ్లు ఒకరు.

26 బల్లలూ ఒకేసారి మాట్లాడితే హాలు మధ్యలో 82 డెసిబెల్స్. ఎదుటివాడి మాట వినడానికి అరవాలి, అరిస్తే పక్క బల్ల ఇంకా అరుస్తుంది. మొదటి విడత అయ్యాక మార్చాం: సగం బల్లలు చర్చలో ఉండగా మిగతా సగం మంది వరండాలో సూక్ష్మదర్శినుల దగ్గర. ల్యాబుల నుంచి అరువు తెచ్చిన ఎనిమిది యంత్రాలు. రొయ్య కాలేయం లాంటి గ్రంథిలో ఈహెచ్‌పీ స్పోర్లు, పేగులో చూడవలసినవి ఎవరికి వాళ్లు కంటితో చూశారు. హాల్లో 74కి దిగింది. కళ్లెదుట చూపించేది ఏదైనా పెట్టాలనుకుంటే వీడియో బూతు కంటే ఇది మేలు. పన్నెండు నిమిషాలకి గంట కొట్టి మార్పించాలి, లేకపోతే సూక్ష్మదర్శిని దగ్గర నుంచి ఎవరూ రారు.

స్పాన్సర్లకు లోగో బదులు వరండాలో ప్రదర్శన బల్ల ఇచ్చాం, ఒక్కోటి ₹25,000. నలుగురు తీసుకున్నారు.

బల్లల అద్దె 26 × ₹150 = ₹3,900. యంత్రాల రవాణా ₹2,200. స్లయిడులు, నమూనాలు ₹1,900. మొత్తం ₹8,000.
ఇప్పటిదాకా: ₹1,09,920

దశ 7: తెర మీద మాట, చెరువు గట్టుకి ప్రసారం

మాట్లాడుతుంటే తెలుగులో అక్షరాలు తెర మీద పడే ఏర్పాటు. చెవి సరిగా వినపడని పెద్దవాళ్లకు, గోల మధ్య కూర్చున్నవాళ్లకు కావాలి. పరీక్ష 500 మాటల ముక్కతో:

1. హాలు మధ్య మైకు నుంచి ఇస్తే తప్పులు 141.
2. మిక్సరు నుంచి నేరుగా వైరు ఇస్తే 97.
3. మా రంగం మాటల జాబితా ఎక్కించాక 62.

అంటే యంత్రాన్ని మార్చకుండా, వైరు ఒక్కటి మార్చితేనే తప్పుల్లో మూడో వంతు పోయాయి. మిగిలిన తప్పులు చూడముచ్చటైనవి. 'విబ్రియో' అనే బ్యాక్టీరియా పేరుని 'వీడియో' అంది, 'చెరువు'ని 'చెరుకు' అంది. గోదావరి జిల్లాల 'ఆయ్' వచ్చినప్పుడల్లా 'ఐ' అని వేసింది. ఇద్దరిని దిద్దడానికి కూర్చోబెట్టాం. దాంతో అక్షరం మాట కంటే ఏడెనిమిది సెకన్లు వెనకబడుతుంది, అది ఫరవాలేదు. అంకెల దగ్గర మాత్రం తప్పు రానివ్వకూడదు. మోతాదు 'పది'కి 'పదిహేను' పడితే చెరువే పోతుంది. కాబట్టి మోతాదులన్నీ స్లయిడు మీద అంకెల్లో ఉండాలని వక్తలకు ముందే చెప్పాం. దిద్దేవాళ్లకి ఆ స్లయిడు ప్రతులు ఇచ్చాం.

ప్రసారం: ఉదయం ఎనిమిదింటికి పరీక్షిస్తే అప్‌లోడ్ 9 మెగాబిట్లు ఉంది. రెండు వందల ఫోన్లు లోపలికి వచ్చాక, పదకొండింటికి 1.8. వీడియోకి 2.5 కావాలి, దాంతో బొమ్మ ఆగి ఆగి వచ్చింది. వేరే కంపెనీ సిమ్‌తో రెండో దారి పెట్టుకున్నాం గానీ అదీ అదే టవరు దగ్గర నలిగింది. పనికొచ్చింది మూడో దారి, శబ్దం మాత్రమే పంపడం. 64 కిలోబిట్ల శబ్దం గంటకి 28.8 ఎంబీ. 2.5 మెగాబిట్ల వీడియో గంటకి 1,125 ఎంబీ. చెరువు గట్టు మీద ఫోను జేబులో పెట్టుకుని వినే మనిషికి బొమ్మ ఎందుకు? స్లయిడులు వాట్సాప్‌లో ముందే పంపి, నంబరు చెబుతూ మాట్లాడమన్నాం. మళ్లీ చేసేవాళ్లకి సలహా: శబ్దాన్నే ప్రధాన ప్రసారంగా పెట్టండి, వీడియో రికార్డు చేసి తర్వాత ముక్కలుగా ఇవ్వండి.

కెమెరా ₹12,000, అక్షరాల సేవ ₹6,500, దిద్దేవాళ్లకి ₹4,000, సిమ్‌లు, డేటా ₹1,400. మొత్తం ₹23,900.
ఇప్పటిదాకా: ₹1,33,820

దశ 8: గాలి, కరెంటు

మధ్యాహ్నం నిద్రకి పప్పన్నాన్ని తిడతారు గానీ మీటరు చూస్తే అన్నానికి ముందే నిద్ర మొదలైంది. బయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ 430 పీపీఎం (పది లక్షల భాగాల్లో 430). తలుపులు మూసి ఏసీలు వేస్తే మొదటి గంట చివరికి 1,380. ఇది ముందే ఊహించదగ్గ సంగతి. కూర్చున్న మనిషి గంటకి సుమారు 18.7 లీటర్లు వదులుతాడు. 210 మంది అంటే దాదాపు 3.9 ఘనపు మీటర్లు. 3,240 ఘనపు మీటర్ల మూసిన హాల్లో అది గంటకి 1,200 పీపీఎం పెంచుతుంది. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే చల్లబరుస్తుంది, కొత్త గాలి తేదు. 1,000 దాటితే గాలి సరిపడా మారడం లేదని లెక్క.

1. ఏసీలు ఆపి, గాజు గోడ పై కిటికీలు తెరిచాం. డిసెంబరు కాబట్టి కుదిరింది, మేలో కుదరదు.
2. వంటింటి వైపు గోడకి రెండు పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్లు. వంటింటి పొగ లోపలికి రాకుండా అటు తలుపు మూయాలి.
3. రోడ్డు వైపు కిటికీలు మూసే ఉంచాం. తెరిస్తే లారీ హారన్లతో దశ 2 కష్టమంతా వృథా.

తర్వాతి గంటల్లో 880 నుంచి 960 మధ్య నిలిచింది. పరదాలు కొన్ని కిటికీలకు అడ్డం వచ్చాయి, వాటిని పైకి ముడివేయాల్సి వచ్చింది. పరదాలు కట్టే రోజునే కిటికీలు గుర్తుపెట్టుకోవాలి.

జనరేటరు అద్దె ₹9,500, డీజిలు ₹5,200, ఫ్యాన్లు ₹1,600, మీటరు కొన్నది ₹4,200. మొత్తం ₹20,500.
ఇప్పటిదాకా: ₹1,54,320

దశ 9: భోజనాలు

త్వరగా చెప్పేస్తాను. చిన్న సమావేశంలో 19 రకాలు పెట్టి ఎంగిలి తూస్తే మనిషికి 140 గ్రాములు. సదస్సులో 9 రకాలు, కూర్చోబెట్టి బంతి వడ్డన: 55 గ్రాములు. స్టీలు కంచాలు, స్టీలు గ్లాసులు, బల్ల మీద కూజాలు. చిన్న నీళ్ల సీసాలు వద్దన్నందుకు గొణిగినవాళ్లు ఉన్నారు, కూజా చేతికందేలా ఉంటే ఆ గొణుగుడు ఆగిపోయింది. సుస్థిర కార్యక్రమాల నిర్వహణకి ఐఎస్‌ఓ 20121 అని ఒక ప్రమాణం ఉంది, 2012 లండన్ ఒలింపిక్స్ నాటిది, 2024లో సవరించారు. సర్టిఫికెట్ జోలికి మేం పోలేదు. తూచి రాసుకునే అలవాటు మాత్రం తీసుకున్నాం.

నమోదు 263, వచ్చినది 204. 210 మంది వస్తారని, సిబ్బంది 20 కలిపి 230 భోజనాలు చెప్పాం. లెక్కలో లేనిది కారు డ్రైవర్లు: 31 మంది. మొత్తం 255 అయింది. వంటమేస్త్రి మళ్లీ అన్నం వార్చాడు, చివరి బంతి ఇరవై నిమిషాలు ఆలస్యం. నమోదు పత్రంలో 'మీతో డ్రైవరు వస్తున్నారా' అన్న గడి పెట్టండి.

భోజనాలు 255 × ₹280 = ₹71,400. కంచాల అద్దె, కడగడం ₹4,800. రెండు పూటల టీ ₹5,520. మొత్తం ₹81,720.
ఇప్పటిదాకా: ₹2,36,040

మిగిలిన లెక్క

వక్తల ప్రయాణం, బస ₹18,500 కలిపితే ₹2,54,540. వచ్చిన మనిషికి సుమారు ₹1,248. ఫీజు ₹500 చొప్పున 204 మంది నుంచి ₹1,02,000, ప్రదర్శన బల్లల నుంచి ₹1,00,000, సంఘం పెట్టినది ₹52,540.

వేదిక వెనక గుడ్డ, దీపం, నాలుగు అరటి చెట్లు తప్ప వేదికకంటూ పెట్టినది లేదు. ఫొటోలు బోసిగా వచ్చాయని సంఘంలో కొందరి అసంతృప్తి, అది ఇంకా తేలలేదు.

వచ్చేసారికి మార్చవలసినవి రాసి పెట్టుకున్నాం: వెల్వెట్ పరదాలు 18 నుంచి 24కి, కిటికీల కింద సగం ఎత్తు ముక్కలు. సూక్ష్మదర్శినులకు ఒక పెద్ద తెర, ఎనిమిది మందీ ఒకేసారి చూడడానికి. హాలు దగ్గర టవరు మీద ఆధారపడకుండా తీగ కనెక్షన్, దానికి వేరే యూపీఎస్. గుడ్డ బోర్డులు, ఊళ్ల ట్రేలు, మీటరు సంఘం గదిలో ఉన్నాయి. చుట్టుపక్కల ఎవరైనా సదస్సు పెట్టుకుంటే అద్దె లేకుండా ఇస్తాం, ఉతికించి తిరిగివ్వాలి.